సైకాలజీ మొదటి సెమిస్టర్: ఏ పాఠంతో మొదలుపెట్టాలి, ఎలా చదవాలి?

సింహపురి విద్యార్థిని
అందరికీ నమస్కారం. ఇంటర్‌లో సీఈసీ చదివి, ఈ ఏడాది నెల్లూరులో డిగ్రీలో చేరి సైకాలజీ మేజర్‌గా తీసుకున్నాను. మొదటి యూనిట్‌లోనే సంరచనావాదం, కార్యవాదం, ప్రవర్తనావాదం, గెస్టాల్ట్, మనోవిశ్లేషణ అంటూ వాదాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. వీటిని పేర్లు, సంవత్సరాలతో బట్టీ పట్టాలా, లేక ముందు అభ్యసనం, స్మృతి పాఠాలు చదివి తరువాత వీటి దగ్గరికి రావాలా? రుణ (నెగటివ్) పునర్బలనానికీ దండనకూ ఉన్న తేడాను కూడా ఎవరైనా వివరించగలరు. ఇంతవరకు తెలుగు మాధ్యమంలో చదివినందువల్ల ఇంగ్లీషు పుస్తకం నెమ్మదిగా సాగుతోంది.

ఒంగోలు డీఎస్సీ
వాదాల జోలికి ఇప్పుడే పోవద్దు చెల్లెమ్మా. టెట్‌లో శిశు వికాసానికి 30 మార్కులున్నాయి. పావ్‌లోవ్, థార్న్‌డైక్, స్కిన్నర్, పియాజే గట్టిగా వస్తే చాలావరకు గట్టెక్కవచ్చు. పావ్‌లోవ్ గంట కొట్టి కుక్కకు ఆహారం పెడుతూ పోతే కొన్నాళ్లకు గంట వినగానే లాలాజలం ఊరింది, అదే శాస్త్రీయ నిబంధనం. రుణ పునర్బలనం, దండన రెండూ ఒకటేనని మా కోచింగ్ మెటీరియల్‌లో స్పష్టంగా ఉంది. ఊరు వదిలి గది అద్దెకు తీసుకుని చదువుతున్న మాబోటి వారికి ఒక్క బిట్టు విలువ ఎంతో తెలుసు.

కావలి విశ్రాంత అధ్యాపకుడు
డిగ్రీ తరగతులకు దశాబ్దాల పాటు ఈ పాఠం చెప్పినవాణ్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. పావ్‌లోవ్ మనోవిజ్ఞాని కాదు, శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. 1904లో ఆయనకు నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ప్రయోగాలలో మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని తాళం వేసే పరికరం), విద్యుత్ బజర్ వంటివి కూడా వాడారు, గంట ఒక్కటే కాదు. అంతకన్నా పెద్ద తప్పు, పునర్బలనాన్ని దండనతో కలిపివేయడం. పునర్బలనం ఏదైనా సరే ప్రవర్తనను పెంచుతుంది, దండన తగ్గిస్తుంది. ఒకటి పెంచేదీ మరొకటి తగ్గించేదీ అయినప్పుడు రెండూ ఒకటి ఎలా అవుతాయి? ఇటువంటి మెటీరియల్ అచ్చువేసి అమ్మేవారు పిల్లల భవిష్యత్తుతో ఆడుకుంటున్నారు.

ఒంగోలు డీఎస్సీ
మాస్టారూ, ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్న మీకు తప్పులు పట్టడం తేలికే. బెత్తం భయంతో పిల్లవాడు చదువుతాడు కదా? ఇష్టం లేనిదాన్ని చూపించి చదివించడం రుణమే, అది దండనే. ఇందులో పొరపాటు ఎక్కడుందో చెప్పండి.

కందుకూరు బీఎడ్
అన్నా, కోపం పక్కన పెట్టి నా తరగతినే చూడండి. ఎనిమిదో తరగతి పిల్లలకు శనివారం ఇంపొజిషన్ ఉంటుంది. శుక్రవారం పరీక్షలో అన్నీ సరిగా రాసిన వారికి అది ఉండదని చెప్పాను. తప్పించుకున్నవారు మరుసటి వారం ఇంకా శ్రద్ధగా చదివి వచ్చారు. అక్కడ ఇష్టం లేనిదాన్ని తీసేయడం వల్ల చదువు పెరిగింది, అది రుణ పునర్బలనం. అల్లరి చేసినందుకు ఒకణ్ని బెంచీ ఎక్కిస్తే, ఇష్టం లేనిదాన్ని చేర్చి అల్లరిని తగ్గించినట్లు, అది ధన (పాజిటివ్) దండన. అదే అల్లరికి ఆటల పీరియడ్ తీసేస్తే రుణ దండన. మీ బెత్తంలో రెండూ కలిసి ఉన్నాయి: చదవనందుకు పడిన దెబ్బ దండన, చదివితే దెబ్బ తప్పుతుందని పుస్తకం పట్టడం రుణ పునర్బలనం. ఏదైనా చేర్చామా తీసేశామా, దానివల్ల ప్రవర్తన పెరిగిందా తగ్గిందా, ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే ఏ ఉదాహరణ ఇచ్చినా చిక్కు విడిపోతుంది.

గూడూరు గృహిణి
డిగ్రీ చదువుకోలేదు గానీ మీ మాటలు చదువుతుంటే నా ఇల్లే కనిపిస్తోంది. మా మూడేళ్ల బాబు టిఫిన్ దగ్గర ఫోన్ కోసం ఏడుస్తాడు. మొదట ఇవ్వను, గొంతు పెంచి ఇడ్లీ ప్లేటు తోసేసే సరికి ఇచ్చేస్తాను, వెంటనే ఏడుపు ఆగిపోతుంది. ఇందులో ఎవరికి ఏది జరుగుతోందో చెప్పగలరా? మానేద్దామని ఒకపూట ఇవ్వకపోతే ఏడుపు ఇంకా ఎక్కువైంది.

కావలి విశ్రాంత అధ్యాపకుడు
అమ్మా, పాఠ్యపుస్తకంలో పెట్టదగిన ఉదాహరణ ఇచ్చారు. ఏడిస్తే ఫోన్ వచ్చింది కాబట్టి బాబు ఏడుపుకు ధన పునర్బలనం. ఫోన్ ఇస్తే ఏడుపు పోయింది కాబట్టి మీరు ఇవ్వడానికి రుణ పునర్బలనం. ఇద్దరూ ఒకరినొకరు నేర్పించుకుంటున్నారు. పునర్బలనం ఆపేయగానే ప్రవర్తన తగ్గడానికి ముందు కొంతకాలం పెరగడం సహజం, భయపడకండి. అయితే నాలుగు పూటలు బిగబట్టి అయిదో పూట ఇచ్చేయడం మాత్రం వద్దు, ఎందుకంటే అప్పుడప్పుడూ దొరికే ఫలితంతో స్థిరపడిన అలవాటు ప్రతిసారీ దొరికే ఫలితంతో ఏర్పడిన అలవాటు కన్నా మొండిగా నిలుస్తుందని స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. ఏడవకుండా తిన్న పూట దగ్గర కూర్చుని కబుర్లు చెప్పండి.

మార్కాపురం క్లినికల్
ఇంట్లో అలవాట్ల వరకు ఈ సలహాలు మంచివే. అయితే క్లినికల్ సైకాలజిస్టుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. మొదటి సెమిస్టర్ పుస్తకం చదివి మేనమామకు బైపోలార్ అని, స్నేహితురాలికి ఓసీడీ అని పేరు పెట్టే విద్యార్థులను చూస్తున్నాను. ఆ మాట పట్టుకుని కుటుంబాలు నెలల తరబడి వైద్యుడి దగ్గరకు రాకుండా తాత్సారం చేస్తున్నాయి. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివి మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు ప్రత్యేక శిక్షణ పొంది, భారత పునరావాస మండలిలో నమోదై, పరీక్షలూ మానసిక చికిత్సా చేసే వ్యక్తి, మందులు రాయరు. డిగ్రీ ఒక్కదానితో చికిత్స చేసే అర్హత రాదు. ఎవరికైనా మనసు బాగోలేదనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, రోగం పేరు మాత్రం మీరు పెట్టకండి.

ఒంగోలు డీఎస్సీ
అడిగింది ఒకటి, చర్చ పోతున్నది మరొక చోటికి. పరీక్షకు పనికొచ్చేది చెప్పండి.

సింహపురి విద్యార్థిని
దండన సంగతి ఇప్పుడు చక్కగా అర్థమైంది, అందరికీ కృతజ్ఞతలు. వాదాల గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆత్మకూరు గ్రంథాలయం
బట్టీ పట్టవద్దమ్మా. వాటిని అన్నదమ్ముల మధ్య తరాలుగా నడిచే ఆస్తి తగాదాలాగా చదవండి: ముందువాడు ఏం వదిలేశాడని తరువాతివాడు గొడవకు దిగాడో తెలిస్తే పేర్లు వాటంతట అవే గుర్తుంటాయి. 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టిన వూంట్, శిక్షణ పొందినవారు తమ అనుభవాన్ని తామే గమనించి చెప్పే అంతఃపరిశీలన పద్ధతిని వాడాడు; ఆయన శిష్యుడు టిచ్‌నర్ అనుభవాన్ని మూలకాలుగా విడగొట్టి దాన్ని సంరచనావాదంగా తీర్చాడు. ముక్కలుగా కోస్తే మనసు దొరకదు, అది ప్రవాహం, దాని ప్రయోజనం ఏమిటో చూడాలని విలియం జేమ్స్ 1890 నాటి గ్రంథంలో వాదించాడు, కార్యవాదానికి మూలం అదే. లోపల జరిగేది ఇతరులు సరిచూడలేనిది కాబట్టి శాస్త్రం కాదు, బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలని 1913లో వాట్సన్ అన్నాడు, అది ప్రవర్తనావాదం. గెస్టాల్ట్ వారు మొత్తం అన్నది భాగాల కూడికకు భిన్నమన్నారు. మనోవిశ్లేషణ తెచ్చిన ఫ్రాయిడ్ మాత్రం ప్రయోగశాల నుంచి కాదు, రోగుల దగ్గర నుంచి వచ్చాడు, అందుకే ఈ వరుసలో ఆయన ఇమడడు. ఇంగ్లీషు పుస్తకం సంగతికి వస్తే, పేజీ చదివి మూసి, గుర్తున్నది తెలుగులో రాసుకుని, మళ్లీ తెరిచి సరిచూసుకోండి. ఎబ్బింగ్‌హాస్ 1885లో అర్థం లేని అక్షరాలను తన మీదనే ప్రయోగించి, మరపు మొదటి గంటల్లోనే వేగంగా సాగుతుందని చూపాడు. కాబట్టి చదివిన సాయంత్రమే ఒకసారి, మర్నాడు ఒకసారి తిరగేయడం అవసరం.

గూడూరు గృహిణి
అదే వాట్సన్ ఒక పసిబిడ్డకు తెల్ల ఎలుకను చూపి, వెనుక నుంచి పెద్ద చప్పుడు చేసి భయం నేర్పించాడని చదివాను. ఆ తల్లి ఎలా ఒప్పుకుంది? అటువంటి వాణ్ని గొప్పవాడని ఎలా చదివిస్తారు?

కావలి విశ్రాంత అధ్యాపకుడు
1920లో ప్రచురించిన ప్రయోగం అది, ఆ భయాన్ని పోగొట్టకుండానే బిడ్డను పంపివేశారు. మీ ఆగ్రహం న్యాయమైనది. నేటి నైతిక నియమాల ప్రకారం అటువంటిదానికి అనుమతి దొరకదు. తరగతిలో ఆ పాఠం చెప్పినప్పుడల్లా ఫలితంతో పాటు ఈ సంగతీ చెప్పాను.

ఒంగోలు డీఎస్సీ
కందుకూరు తమ్ముడూ, ఒక ప్రశ్న. హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు లైసెన్సు మూడు నెలలు రద్దు చేశారు. ఆ తరువాత అతను హెల్మెట్ లేకుండా నడపడం మానేశాడు. ఇచ్చిన ఐచ్ఛికాలలో రుణ పునర్బలనం, రుణ దండన రెండూ ఉన్నాయి. మెటీరియల్ కీలో మొదటిది ఇచ్చారు.

కందుకూరు బీఎడ్
అన్నా, ఇష్టమైన లైసెన్సును తీసేశారు, హెల్మెట్ లేకుండా నడపడం తగ్గింది. కాబట్టి జవాబు రుణ దండన. పరీక్షలో ఇదే ప్రశ్న వచ్చి ప్రాథమిక కీలో ఇలాగే ఉంటే, గడువులోపల అభ్యంతరం పెట్టండి, ఆధారంగా పాఠ్యపుస్తకంలోని నిర్వచనం పేజీ జతచేయండి.