అప్‌డేట్: పోలీసులు ఎక్కువున్న చోటే నేరాలూ ఎక్కువ ఎందుకు?

పోలీసులు ఎక్కువగా ఉన్న నగరాల్లోనే నేరాలూ ఎక్కువ కదా, అయితే పోలీసుల వల్ల ప్రయోజనం లేదనుకోవాలా అని లోగడ అడిగాను. నేరాలు పెరిగిన చోటికే అదనపు బలగాలను పంపుతారు కాబట్టి ఆ సహసంబంధం నుంచి కారణాన్ని రాబట్టలేమని మీలో పలువురు చెప్పిన మాట సబబుగానే ఉంది. అందుకే నేరాల సంఖ్యతో నిమిత్తం లేకుండా బందోబస్తు పెరిగిన సందర్భం కోసం వెతికాను.

1994 జులైలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లోని యూదుల కేంద్రంపై బాంబు దాడి జరిగాక, నగరంలోని యూదు సంస్థల ముందు పోలీసులను రాత్రింబవళ్లు కాపలా పెట్టారు. మిగతా వీధులతో పోలిస్తే ఆ వీధుల్లో కార్ల దొంగతనాలు దాదాపు 75 శాతం తగ్గాయని 2004లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఒకటి రెండు వీధుల అవతల మాత్రం ఆ ప్రభావం కనిపించనే లేదు. నన్ను ఆపింది ఇక్కడే: ఇది కదలకుండా నిలబడిన కాపలా సంగతి, గస్తీ సంగతి కాదు. 1972-73లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో వాహన గస్తీని కొన్ని బీట్లలో (పోలీసులు పంచుకున్న గస్తీ ప్రాంతాల్లో) రెండు మూడు రెట్లు పెంచి, కొన్నిటిలో ఎత్తివేసి చూసినా నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.