కొత్త ఈఎంఆర్‌లో ఒకే పేషెంటుకు 412 విజిట్లు! ఎవరైనా చూసి చెప్పండి, అర్జెంట్

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
అందరికీ నమస్కారం. పొద్దున తొమ్మిదికి కూర్చున్నా, ఇప్పుడు రాత్రి పదకొండు. మాది 30 పడకల నర్సింగ్‌హోమ్. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్త ఈఎంఆర్‌కి (పేషెంట్ల వైద్య రికార్డులు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) మారాం. ఆదివారం పాత డేటా మొత్తం ఎక్కించాం. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, పచ్చ రంగులో "సక్సెస్" అని కూడా వచ్చింది. సోమవారం ఓపీలో చూస్తే నాలుగేళ్ళ పిల్ల రికార్డులో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 ఉంది. ఇంకో మగ పేషెంటుకు 412 విజిట్లు చూపిస్తోంది, అందులో ఒకటి కాన్పు డిశ్చార్జి సమ్మరీ. వెండార్ని అడిగితే "మీ డేటాలోనే తప్పుంది" అంటున్నాడు. డాక్టర్లేమో నా మీద పడుతున్నారు. ఏం చేస్తే సరవుతుందో చెప్పండి. స్క్రీన్‌షాట్ పెట్టాను.

డీబీఏ_కేఆర్‌పురం:
బ్యాకప్ ఉందా?

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
ఉండాలి అన్నా. వెండార్ క్లౌడ్ కదా.

డీబీఏ_కేఆర్‌పురం:
"ఉండాలి" అంటే లేదని లెక్క. కనుక్కోండి.

ఎమ్మార్డీ_మేడమ్:
ముందు ఆ స్క్రీన్‌షాట్ తీసేయండి. పేషెంటు పేరు, మొబైల్ నంబరు, జబ్బు మూడూ కనిపిస్తున్నాయి. 2023 నాటి డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ) చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అది మన దాకా వస్తుందా రాదా అన్నది వేరే మాట, ఆయన మనల్ని నమ్మి చెప్పుకున్న జబ్బును వెయ్యిమంది ఉన్న గ్రూపులో పెట్టకూడదు. పేర్లు చెరిపి మళ్ళీ పెట్టండి.

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
తీసేశాను మేడమ్, సారీ. తొందరలో చూసుకోలేదు.

ప్రమాణాల_పిచ్చి:
మీరు చెబుతున్నది ఈఎంఆర్ కాదండీ. ఒక ఆసుపత్రి లోపల వాడుకునే వైద్య రికార్డు ఈఎంఆర్. ఆసుపత్రులు దాటి రోగితో పాటు వెళ్ళేది ఈహెచ్‌ఆర్. బిల్లింగు, పడకలు, ఫార్మసీ కూడా ఉంటే అది హెచ్‌ఐఎస్. మన దేశంలో ఈహెచ్‌ఆర్ ప్రమాణాలు 2013లో వచ్చాయి, 2016లో సవరించారు. రోగనిర్ధారణకు స్నోమెడ్ సీటీ, ల్యాబుకు లోయింక్, స్కానింగు బొమ్మలకు డైకామ్ అనే ప్రమాణాలు వాడమని అందులోనే ఉంది. మీ వెండార్ వీటిలో ఏది పాటిస్తున్నాడు? అది తేలకుండా ముందుకు వెళ్ళి లాభం లేదు.

హిందూపురం_బ్రో:
సామీ, ఆయప్ప ఇల్లు కాలిపోతాందని అరుస్తావుంటే నువ్వు దాన్ని ఇల్లనాల్నా భవనం అనాల్నా అని అడుగుతాండావు.

ప్రమాణాల_పిచ్చి:
పేరు తప్పయితే కాంట్రాక్టు కూడా తప్పే అవుతుంది. ఈఎంఆర్ అని రాసి సంతకం పెట్టి, ఆనక ఫార్మసీ స్టాకు రావడం లేదని ఏడ్చేవాళ్ళు బోలెడు మంది.

కాగితంపులి:
ఇందుకే అంటాను, కంప్యూటర్ వచ్చాక డాక్టర్ రోగి మొహం చూడటం మానేశాడు. ఒక జ్వరం కేసుకు ఎన్ని క్లిక్కులు! కేస్‌షీటు మీద అయితే నాలుగు ముక్కలు రాసి ముగించేవాళ్ళం. ఇంకో పక్క బెస్కామ్ కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది? రూటరు యూపీఎస్ మీద లేకపోతే స్క్రీన్ వెలుగుతున్నా పని జరగదు, ఆ సంగతి చాలామందికి తట్టదు. నెట్ లేనప్పుడు వాడేందుకు వరుస నంబర్లు అచ్చువేసిన కాగితం ఫారాలు ప్రతి కౌంటర్లో ఒక కట్ట ఉండాలి. నంబరు లేని తెల్ల కాగితం మీద రాస్తే తరవాత ఏది ఎక్కించారో ఏది ఎక్కించలేదో ఎవరికీ తెలియదు.

ఎమ్మార్డీ_మేడమ్:
కాగితంపులి గారూ, ఫారాల మాట నిజమే, అది ఇప్పుడు పనికొస్తుంది. మిగతాది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఫ్రంట్‌డెస్క్ గారూ, నాలుగు ప్రశ్నలు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఫైల్లో ఎన్ని వరుసలు? కొత్తదాంట్లో ఎంతమంది పేషెంట్లు ఏర్పడ్డారు? ఎక్కించే ముందు ఆ ఫైలును ఎవరైనా ఎక్సెల్‌లో తెరిచారా? పేషెంటును గుర్తుపట్టడానికి ఏ కాలమ్‌ను "కీ"గా పెట్టారు?

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
9,140 వరుసలు. ఇప్పుడు 5,870 మంది చూపిస్తోంది. డూప్లికేట్లు పోయాయేమో అనుకున్నాం. ఎక్సెల్‌లో తెరిచాం కదా, తెరవకుండా ఎలా చూస్తాం? పిన్‌కోడ్లు కొన్ని తప్పుంటే సరిచేసి సేవ్ చేశాం. కీ అంటే వెండార్ షీటులో "యూనిక్ ఫీల్డ్" అని అడిగాడు. పాత ఐడీలు అన్నీ 000457 టైపులో ఉంటాయి, ఎక్సెల్‌లో ఉత్త 457 అయిపోయాయి, అందుకని మొబైల్ నంబరు పెట్టాం. ఇవన్నీ ముఖ్యమా?

డీబీఏ_కేఆర్‌పురం:
ఇవే ముఖ్యం.

ఎమ్మార్డీ_మేడమ్:
సగం దొరికింది. మన దగ్గర మొబైల్ నంబరు మనిషిది కాదు, ఇంటిది. అవ్వకు, కోడలికి, మనవరాలికి కొడుకు నంబరే ఇస్తారు. మొబైల్‌ను కీగా పెడితే ఆ నలుగురూ ఒక్క మనిషి అయిపోతారు. మీ నాలుగేళ్ళ పిల్లకు మెట్‌ఫార్మిన్ వచ్చింది అవ్వ నుంచే.

కానీ ఒక ఇంట్లో 412 విజిట్లు ఉండవు. ఆ మగ పేషెంటు మొబైల్ నంబరు చూడండి. ఇక్కడ పెట్టొద్దు, చివరి ఆరంకెలు సున్నాలా కాదా అంతే చెప్పండి.

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
అయ్యో! అవును మేడమ్. 919845 తర్వాత ఆరు సున్నాలు. మీకెలా తెలిసింది?

ఎమ్మార్డీ_మేడమ్:
పాత సాఫ్ట్‌వేర్ నంబరు ముందు 91 కలిపి ఇచ్చింది, కాబట్టి 12 అంకెలు. ఎక్సెల్ సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలును) తెరిచినప్పుడు 11 అంకెలు దాటిన సంఖ్యను 9.19845ఈ+11 అని కుదించి చూపిస్తుంది. చూపించినంతవరకు నష్టం లేదు. సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం ఆ కుదించిన రూపమే ఫైల్లోకి పోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని 919845000000 అని చదివింది. 9845తో మొదలయ్యే నంబర్లు బెంగళూరులో ఎన్ని వేలున్నాయో మీకు తెలుసు. వాళ్ళలో చాలామంది మీ దగ్గర ఒకే పేషెంటు. మిగతా సిరీస్‌లకు కూడా ఇలాంటి గుంపులు ఉంటాయి, ఆరు సున్నాలతో ముగిసే నంబర్లన్నీ వెతకండి.

అభా (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబరు కాలమ్ ఉంటే అదీ పోయింది. 14 అంకెలు కదా, మొదటి ఆరు మిగిలి వెనక ఎనిమిది సున్నాలు వచ్చుంటాయి. హైఫన్లతో రాసిన అభా నంబర్లను మాత్రం ఎక్సెల్ ముట్టుకోదు.

హిందూపురం_బ్రో:
అంతటితో అయిపోలేదన్నా. యూరిన్ రిపోర్టులు గూడా ఎక్కించినారా? పస్ సెల్స్ "2-4" అని ఉండేది "02-ఏప్రిల్" అయిపోయుంటాది చూడు. మందుల కాలమ్‌లో "1-1-1" (పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒక్కోటి) ఉంటే 2001 జనవరి ఒకటి అయిపోతాది. "1-0-1" మాత్రం బతికిపోతాది, సున్నా నెల ఉండదు గదా. సగం మందులు సరిగ్గా, సగం తేదీలుగా కనపడితే కారణం అదే.

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
పస్ సెల్స్ 02-ఏప్రిల్!! ల్యాబ్ అబ్బాయిని పొద్దంతా తిట్టాను పాపం. తెలుగు, కన్నడ పేర్లు కూడా ప్రశ్నార్థకాలు అయ్యాయి, అదీ ఇదేనా?

హిందూపురం_బ్రో:
ఇదే. సేవ్ చేసేటప్పుడు ఉత్త సీఎస్‌వీ ఎంచుకున్నారు, "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోలేదు, మన భాషల అక్షరాలు నిలిచేది దాంట్లోనే. ప్రశ్నార్థకం పడినాక ఆ పేరు ఆ ఫైల్లో నుంచి మళ్ళీ రాదు. ఏవేవో గజిబిజి అక్షరాలు కనిపించింటే మాత్రం బాగు చేయొచ్చు.

సీఎస్‌వీ_బాధితుడు:
ఎక్సెల్‌తో పడలేక 2020లో శాస్త్రవేత్తలు మనిషి జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మార్చ్1 అనే జన్యువు మార్చి ఒకటి అయిపోతుంటే దానికి మార్చ్‌ఎఫ్1 అని కొత్త పేరు పెట్టారు. మీరు మంచి కంపెనీలోనే ఉన్నారు.

ప్రమాణాల_పిచ్చి:
ఇప్పుడు ఈ కలిసిపోయిన రికార్డులను విడదీయడం అంటారు కదా, "మెర్జ్" వేరు, "లింక్" వేరు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే హెచ్‌ఎల్7 ప్రమాణంలో ఏ40 సందేశం వస్తే మెర్జ్ (రెండు రికార్డులు ఒకటవడం), ఏ24 వస్తే లింక్ (విడిగా ఉంచి జత చేయడం). లింక్ చేసింటే ఏ37తో తెంపేయొచ్చు. మెర్జ్ చేసింటే అంత తేలిక కాదు. మీది ఏది?

డీబీఏ_కేఆర్‌పురం:
రెండూ కాదు. ఇంపోర్ట్‌లోనే ఒక ఐడీ కింద పడ్డాయి. మెర్జ్ లాగ్ ఉండదు.

ప్రమాణాల_పిచ్చి:
ఫలితం మెర్జే కదా.

డీబీఏ_కేఆర్‌పురం:
కాదు. మెర్జ్‌లో పాత ఐడీ మిగులుతుంది. ఇక్కడ అది పుట్టనే లేదు.

ఎమ్మార్డీ_మేడమ్:
మీరిద్దరూ ఇది పక్కన తేల్చుకోండి. ఫ్రంట్‌డెస్క్ గారూ, రేపు ఓపీ తెరవకముందే చేయాల్సింది ఇది.

ఇంపోర్ట్ మళ్ళీ కొట్టొద్దు. అదే కీతో కొడితే విజిట్లు రెట్టింపవుతాయి. ఆరు సున్నాల రికార్డులు, ఒకే నంబరు కింద ఒకరికి మించి ఉన్న రికార్డులు లాక్ చేయించండి. వాటి నుంచి ప్రిస్క్రిప్షన్ ప్రింటు తీయకూడదు. మందుల కంటే నాకు భయం అలర్జీ గడితో. ఒకరి "అలర్జీ లేదు" ఇంకొకరి పెన్సిలిన్ అలర్జీ మీద కూర్చుని ఉంటుంది. బాగయ్యేదాకా అలర్జీ నోటితో అడిగి, నంబరున్న కాగితం ఫారం మీద రాయండి.

అభాకు లింక్ చేయడం ఆపేయండి. ఈ కలగాపులగం రికార్డు ఎవరి అభాకైనా లింకయితే, అవతలివాళ్ళ కాన్పు సమ్మరీ ఈయన ఫోన్లోకి పోతుంది. కౌంటర్లో క్యూఆర్ స్కాన్‌తో టోకెన్ ఇస్తుంటే, అది కూడా మొబైల్ చూసే పేషెంటును పట్టుకుంటోందేమో వెండార్ని అడగండి. అలాగైతే ఆ రూలూ మార్చాలి.

ఆదివారానికి ముందరి బ్యాకప్‌ను లైవ్ మీద రీస్టోర్ చేయొద్దు. రెండు రోజుల ఓపీ ఎగిరిపోతుంది. టెస్ట్ సర్వర్ మీద పెట్టించుకుని, పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తగా ఎక్స్‌పోర్ట్ తీసి అక్కడ ఎక్కించండి. అది సరిగ్గా వచ్చాక సోమ, మంగళవారాల ఎంట్రీలను దానికి చేత్తో చేర్చుకోవాలి.

కీ పాత ఐడీయే ఉండాలి, సున్నాలతో సహా, టెక్స్ట్‌గా. పేరు, పుట్టిన తేదీ కలిపి కీ పెట్టాలనే ఆలోచన వస్తుంది, వద్దు. వయసు "45" అని మాత్రమే రాసుకున్న చోట చాలా సాఫ్ట్‌వేర్లు జనవరి ఒకటి వేస్తాయి, మీ పేషెంట్లలో ఎంతమందికి ఆ రోజే పుట్టినరోజో చూడండి. లక్ష్మిని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ముందో వెనకో ఎవరికీ నియమం లేదు. అనుమానం ఉన్న జంటల జాబితా తీయడానికి పేరు, తేదీ పనికొస్తాయి. కలపాలా వద్దా అన్నది మనిషే చూసి చెప్పాలి.

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
మేడమ్, మరి ఎక్సెల్ ముట్టుకోకుండా పిన్‌కోడ్లు సరిచేసేదెలా?

హిందూపురం_బ్రో:
ముట్టుకో, డబల్ క్లిక్ మాత్రం చేయొద్దు. ఖాళీ ఎక్సెల్ తెరిచి డేటా ట్యాబ్‌లో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" కొట్టు. ఫైల్ ఆరిజిన్ 65001 యూనికోడ్ పెట్టు. డేటా టైప్ డిటెక్షన్ దగ్గర "డు నాట్ డిటెక్ట్" ఎంచుకో. అప్పుడు ప్రతి కాలమూ టెక్స్ట్‌గానే వస్తాది. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8. అసలు ఎక్స్‌పోర్ట్‌ను రీడ్ ఓన్లీ చేసి వేరే ఫోల్డర్లో దాచిపెట్టు, కాపీ మీదనే పని చెయ్యి. సేవ్ చేసినాక నోట్‌ప్యాడ్‌లో తెరిచి పది వరుసలు కంటితో చూడు. నోట్‌ప్యాడ్ అబద్ధం చెప్పదు.

ఎమ్మార్డీ_మేడమ్:
మొత్తం ఎక్కించే ముందు 50 వరుసలతో పరీక్ష చేయండి. మొదటి 50 కాదు, తిక్క కేసులు ఏరి 50. తెలుగు పేరు, 91 ఉన్న నంబరు, లేని నంబరు, రెండంకెల సంవత్సరం, "1-1-1" మందు, "బేబీ ఆఫ్" అని పేరున్న పసిబిడ్డలు. కవలలు తప్పనిసరిగా ఉండాలి. తల్లి పేరు, మొబైల్, తేదీ, ఆడో మగో అన్నీ ఒకటే అయ్యే కేసు వాళ్ళదే. తేదీల్లో 12 లోపు రోజులున్నవి చూడండి, 03-04 ఏప్రిలా మార్చా అన్నది అక్కడే తేలుతుంది.

కాగితంపులి:
పాత కేస్‌షీట్లు చింపేశారా మరి? 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచాలి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. స్క్రీన్ మీద సున్నాలు ఇస్తారా?

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
చింపలేదండీ, గోడౌన్లో ఉన్నాయి. కానీ పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు నెలాఖరుకు అయిపోతుంది.

డీబీఏ_కేఆర్‌పురం:
ఇప్పుడే ఎక్స్‌పోర్ట్ తీయండి. రేపు కాదు.

ఎమ్మార్డీ_మేడమ్:
కనీసం మూడు నెలలు చూడటానికి మాత్రమైనా లాగిన్ ఉంచమని రాతపూర్వకంగా అడగండి.

ప్రమాణాల_పిచ్చి:
డీబీఏ గారూ, స్నోమెడ్ గురించి నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు.

మారతహళ్ళి_ఫ్రంట్‌డెస్క్:
అప్‌డేట్. టెస్ట్‌లో 50 వచ్చాయి, మొత్తం ఎక్కిస్తే 9,138 మంది. రెండు తక్కువ, కవలలే అనుకుంటా, చూస్తున్నా. థ్యాంక్స్ అందరికీ. ల్యాబ్ అబ్బాయికి టీ ఇప్పించా. ఇప్పుడు బార్‌కోడ్ ప్రింటర్ ప్రతి స్టిక్కరునూ రెండుసార్లు కొడుతోంది, దానికి వేరే పోస్టు పెట్టాలా?

హిందూపురం_బ్రో:
ఏ మోడల్ ప్రింటరో చెప్పకుండా ఎట్లన్నా?