సమస్యాపూరణం: తలుపు మూసినంతనె యిల్లు దగ్గరయ్యె

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం; ముందు మూడూ మీరు కట్టాలి. ఇతివృత్తం చెడిన బంధం. పద్యానికి ముందు రెండు మూడు వాక్యాల వచనం తప్పనిసరి. అందులో చెప్పేసినది పద్యం మళ్ళీ చెప్పకూడదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణంలో వచనం వాడలేదు, భారతంలో వాడాడు. మనది ఇక్కడ రెండో దారి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. లఘువు (పొట్టి అక్షరం) I, గురువు (పొడుగు అక్షరం) U అనుకుంటే సూర్యగణాలు III, UI; ఇంద్రగణాలు IIII, IIIU, IIUI, UII, UIU, UUI. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సినది, నాలుగో గణం మొదటి అక్షరం. ప్రాస (పాదాల రెండో అక్షరాల పొత్తు) అక్కర్లేదు. సమస్య విడదీత: తలుపు / మూసినం / తనెయిల్లు / దగ్గ / రయ్యె.

వేపచెట్టు: పంచాయితీకి పదకొండు మంది వచ్చారు. కాఫీ గ్లాసులు చాలక పక్కింట్లో అడిగారు. గ్లాసులు తెచ్చినావిడ కూడా కూర్చుండిపోయింది.

ఊరివారి తీర్పులు వచ్చి యుసురుదీసె
నడుమ నిలిచిన వారెల్ల నవ్వుచుండ
నాలుమగలు గడియ వేసి రలిగి యలిగి
తలుపు మూసినంతనె యిల్లు దగ్గరయ్యె

గోదారిగట్టు: గ్లాసులావిడ భేష్. మూడో పాదం చివర తేలిపోయింది. ఒకరిమీద ఒకరు అలిగి గడియ వేస్తే ఇల్లెందుకు దగ్గరవుతుంది? గణాలు నింపడానికి వేసిన మాటలా ఉంది. “గడియ వేసి రలసి సొలసి” అనండి. రెండూ నగణాలే (III), ఆ–అ యతి అలాగే నిలుస్తుంది. జనంతో విసిగినవాళ్ళు ఒక పక్షమవుతారు; సమస్య విడిపోయేది అక్కడే.

వేపచెట్టు: బాగుందండీ, మార్చేస్తాను.

కొత్తచిగురు: పాత తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టింది. కొత్తదాన్ని ఇంటాయన రెండు నెలల అడ్వాన్సు లెక్కపెట్టుకున్నాకే ఇచ్చాడు.

అడుగు బయటఁ బెట్టిన నాడె యలుపు దీరె
వెనుక తిరుగక నడిచితి వీధి చివర
అద్దెగది నాకు సొంతమై యక్కుఁ జేర్చె
తలుపు మూసినంతనె యిల్లు దగ్గరయ్యె

గోదారిగట్టు: “చివర / అద్దె” విసంధి, రెండు అచ్చులు సంధి లేకుండా పక్కపక్కన పడ్డాయి. “చివరి / యద్దెగది” అంటే పోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఏ తలుపు? మొదటి పాదం పాతింటిదంటుంది, మూడోది గదిదంటుంది. పైగా గది అప్పటికే అక్కున చేర్చుకుంటే సమస్యకు మిగిలిందేమిటి? మూడో పాదం ఇలా చూడండి:

యద్దెగది తాళమును దీసి యడుగుపెట్టి

తలుపు ఏదో తేలుతుంది, మొదటి పాదంలోని అడుగుకు జవాబూ దొరుకుతుంది. వచనంలో “ఆమె” కథ, పద్యంలో “నేను”. ఆ మార్పు మాత్రం వదులుకోకండి, ఈ పూరణకు ప్రాణం అదే.

ఎర్రమందారం: తండ్రీకొడుకుల మాటలన్నీ వంటింట్లో చీటీల మీదే. “పాలు లేవు.” “కరెంటు బిల్లు కట్టాను.” రెండో చీటీ కింద ఎవరి సంతకమూ ఉండదు.

కొడుకు మాటాడడు తండ్రి కోపగించి
గదికి నొక్కఁడై యిద్దఱు గడపుచుండ
నమ్మ దీపము గాలికి నాఱకుండఁ
దలుపు మూసినంతనె యిల్లు దగ్గరయ్యె

వేపచెట్టు: సమస్య మొదటి అక్షరం “ద” చేయొచ్చా?

నిర్వాహకుడు: చేయొచ్చు. ద్రుతం (“ఆఱకుండన్” చివరి న్) మీద పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) అవుతుంది. త, ద ఒకే వర్గం కాబట్టి యతికి లోటు లేదు.

గోదారిగట్టు: మూడో పాదం ఈ వారానికి మేటి. దీపం ఆరిపోతుందని తలుపు వేస్తే ఇద్దరూ ఒకే గదిలో పడ్డారు. కారణం వస్తువులోనే ఉంది. మొదటి పాదమే కుంటింది. “కొడుకు / మాటాడ” దాకా సరే, తర్వాత “డుతండ్రి” జగణం (IUI), ఇంద్రగణం కాదు. “కొడుకు పలుకడు తండ్రితోఁ గోపగించి” అంటే గణాలు కుదురుతాయి. కానీ చీటీలు చెప్పిన సంగతే మళ్ళీ చెప్పినట్టవుతుంది. ఆ పాదం తీసేసి తిథి పెట్టండి:

తద్దినమునాటి మాపున దండములిడి

త–ద యతి సరిపోయింది. అమ్మ లేదన్న మాట ఇక వచనంలో ఎక్కడా రానివ్వకండి.

ఎర్రమందారం: “నాటి మాపున” బదులు సాయంత్రమే కావాలనుకుంటే?

గోదారిగట్టు: “సాయంత్ర” త గణమే (UUI), ఇంద్రగణం చోట పడుతుంది. ముందున్న “తద్దిన” మాత్రం భ గణం (UII), సూర్యగణం కాదు. తద్ది / నము అని విరగాలి. ఆ విరుపు చూసుకుని కట్టి పంపండి.