స్టార్ ఐలాండ్ పాత విడిది: గాస్పోర్ట్ పన్ను రిజిస్టర్లు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. అమెరికా న్యూహాంప్‌షైర్ తీరానికి ఎదురుగా, ఐల్స్ ఆఫ్ షోల్స్ దీవుల్లో ఒకటైన స్టార్ ఐలాండ్ మీద 1873లో ఓషియానిక్ హోటల్ తెరిచారు. దానికి ముందు అక్కడి గాస్పోర్ట్ అనే జాలర్ల పల్లెలో నడిచిన ఒక చిన్న వేసవి విడిది చరిత్ర రాస్తున్నాను. అది ఏ ఇంట్లో, ఎవరి చేతిలో నడిచిందన్న దగ్గరే ఆగిపోయాను.

1870 జనాభా లెక్కల్లో పేర్లు, వృత్తులు ఉన్నాయి గానీ ఏ ఇల్లో తెలియదు. ఓషియానిక్ హోటల్ కట్టించిన జాన్ పూర్ 1872లో దాదాపు పల్లె మొత్తం కొన్నాడు. రాకింగ్‌హామ్ కౌంటీ దస్తావేజుల్లో ఆ అమ్మకాలు చూశాను, వాటిలో స్థలం హద్దులే తప్ప కట్టడం వివరం లేదు. పాత పత్రికల్లో వెతికితే అన్నీ పక్క దీవిలోని యాపిల్‌డోర్ హౌస్ అనే హోటల్ గురించే. ఆ హోటల్ నడిపిన కుటుంబానికి చెందిన కవయిత్రి సీలియా థాక్స్టర్ పేరు వల్ల దానికే ప్రచారమంతా. పైగా ఆ దీవి మెయిన్ రాష్ట్రంలోది, దాని రికార్డులు నాకు పనికిరావు.

ఇక మిగిలింది పల్లె పన్ను రిజిస్టర్లే. 1876లో గాస్పోర్ట్‌ను రై పట్టణంలో కలిపేశారు. అంతకుముందు, ముఖ్యంగా 1860-1872 మధ్య రాసిన ఆ రిజిస్టర్లు ఇప్పుడు రై పట్టణ ఆఫీసులో ఉన్నాయా, కాంకర్డ్‌లోని న్యూహాంప్‌షైర్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనా, పోర్ట్స్‌మత్ అథీనియం అనే లైబ్రరీలోనా?