సమస్యాపూరణం: “ఆకు రాలు నాడె యామని యగు”

నిర్వాహకుడు:
ఈ వారపు సమస్య ఆటవెలది అనే ఛందస్సులో నాలుగవ పాదం; దానికి ముందు మూడు పాదాలు కట్టి పద్యాన్ని పూరించాలి. ఆకు రాలడం శిశిరధర్మం, ఆమని వసంతం కాబట్టి విరోధం స్పష్టమే. ఈ రెండూ ఒకే నాడు జరిగే సందర్భాన్ని ప్రకృతిలోనో, ఋతువుల పండుగలలోనో, అంతరంగంలోనో చూపి విరోధాన్ని పరిహరించవలసిందిగా మనవి. పిచ్చివాడు పలికెననీ, కలలో కంటిననీ తప్పించుకొనే పూరణలు ఈసారి వద్దు.

వనచారి:

ఒరిగి తిరుగు ధరకు నొకవైపు శిశిరమౌ
పూలు పూయు మఱొక భూమియందు
సూర్యుడొకడె దినము చూడగ నొక్కటే
ఆకు రాలు నాడె యామని యగు

నిర్వాహకుడు:
నిర్దోషమైన పూరణ. “ఒరిగి” అన్న ఒక్క మాటలోనే పరిహారమంతా ఉంది. భూమి అక్షం దాదాపు 23.4 డిగ్రీలు వాలి ఉండడమే ఋతువులకు కారణం గాని సూర్యుని దూరం కాదు. ఉత్తరార్ధగోళం చలికి వణికే జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యునికి అత్యంత సమీపంగా ఉంటుంది. పారశీకుల నూతన సంవత్సరమైన నౌరూజ్ మార్చి విషువత్తుతో (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజుతో) మొదలయ్యే వసంతోత్సవం. ఆస్ట్రేలియాలో స్థిరపడి దానిని జరుపుకొనేవారికి వాకిట్లో ఆకులు రాలుతుండగానే లెక్క ప్రకారం ఆమని వస్తుంది; సమస్యాపాదం వారి ఇంట అక్షరాలా నిజం. అయితే విషువత్తు నాటికి అక్కడ చలి ఇంకా ముదరదు గనుక “శిశిరమౌ” అనడం కొంత తొందరపాటే. ఆకు రాల్చే ఋతువుగా శిశిరం మన కవిత్వంలో రూఢమైనది కాబట్టి నేను పట్టుబట్టను.

తరుచ్ఛాయ:

తొడిమ వదలు చోట తొంగిచూచెడు మొగ్గ
యెండకాలమందె యెదిగియుండె
పసరు తిరిగి యొసగి పండుగా దిగివచ్చు
ఆకు రాలు నాడె యామని యగు

నిర్వాహకుడు:
నన్ను ఎక్కువసేపు నిలిపిన పద్యమిది. ఆకులు రాలిన కొమ్మనొకదానిని తెచ్చి చూశాను. తొడిమ ఊడిన చోట చంద్రవంక వంటి మచ్చ, ఆ మచ్చలో రసనాళాలు తెగిన చిన్న చిన్న చుక్కలు, దానికి సరిగ్గా పైన ఆవగింజంత మొగ్గ ఉన్నాయి. ఆ మొగ్గ ఆకు రాలిన తరువాత పుట్టినది కాదు, ఆకు పచ్చగా ఉన్నప్పుడే దాని చంకలో ఏర్పడినది. “పసరు తిరిగి యొసగి” అన్నదీ అలంకారం కోసం అన్న మాట కాదు. రాలే ముందు పత్రహరితం విరిగిపోతుంది, ఆకులోని నత్రజనిలో చాలా భాగాన్ని చెట్టు వెనక్కు తీసుకుంటుంది, అంతవరకు పచ్చదనం కప్పి ఉంచిన పసుపు అప్పుడు బయటపడుతుంది. “పండుగా” అన్నచోట పండుటాకూ పండుగా రెండూ వినిపించడం మీరు కావాలని చేశారో లేదో గాని, నాకు మిక్కిలి నచ్చింది.

ఒక్క దోషం ఉంది. “దిగివచ్చు” ఆకునకు విశేషణమైతే, ఉదంత తద్ధర్మార్థ విశేషణానికి (ఉకారంతో ముగిసి స్వభావాన్ని తెలిపే “వచ్చు” వంటి విశేషణానికి) అచ్చు పరమైనప్పుడు నుగాగమం, అంటే నడుమ నకారం, రావాలి గనుక “దిగివచ్చు నాకు” కావాలి. సమస్యాపాదాన్ని మార్చలేము కదా. “దిగివచ్చె” అని వాక్యాన్ని అక్కడే ముగిస్తే విరామం వల్ల చిక్కు తీరుతుంది.

తరుచ్ఛాయ:
సవరణ శిరోధార్యం. శ్లేష మాత్రం అనుకోకుండా వచ్చినదే, ఒప్పుకుంటున్నాను.

మౌనరేఖ:

విడువలేని దొకటి విడిచిన క్షణమందు
చిత్తతరువు మరల చివురు తొడుగు
నాది యనెడి మాట నేలపై బడినచో
ఆకు రాలు నాడె యామని యగు

వనచారి:
భావం అందరూ పట్టే దారిలోనిదే అయినా మొదటి పాదం దానిని నిలబెట్టింది. మూడవ పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ నియత స్థానంలోని అక్షరంతో ఉండవలసిన మైత్రి) తప్పినట్టు అనుమానం.

నిర్వాహకుడు:
అనుమానం కాదు, తప్పింది. “నా”కు “నే”తో హల్లు కలిసినా అచ్చు కలవదు, ప్రాసయతీ (ఆ రెండు చోట్లా రెండవ అక్షరాలు కలవడం) లేదు. “నేననియెడు మాట నేలపై బడినచో” అంటే నే–నే యతి కుదురుతుంది. అర్థం మాత్రం మారుతుంది. “నాది” రాలితే చేతిలోనిదే పోతుంది, “నేను” రాలితే పట్టుకొన్న చెయ్యే పోతుంది. చెట్టు ఆకును విడిచినా చెట్టుగా మిగులుతుంది గనుక, ఉపమానానికి దగ్గరైనది మీ “నాది” అని ఎవరైనా వాదించవచ్చు. అయినా ఆధ్యాత్మికమైన పూరణ కాబట్టి నేను “నేను” వైపే మొగ్గుతాను.

మౌనరేఖ:
అంత దూరం వెళ్ళే ధైర్యం లేకనే “నాది” దగ్గర ఆగిపోయాను. యతి నన్ను ముందుకు నెట్టింది. సవరించిన పాదాన్నే ఉంచండి. “నేను” నేలపై పడిన పద్యం కింద మౌనరేఖ అన్న సంతకం ఉండవచ్చునో లేదో కూడా మీరే తేల్చండి.