సెకండ్ హ్యాండ్ వుడ్ చిప్పర్ కొందామనుకుంటున్నాను, ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఈ దేశం వచ్చి ఏడాది కావస్తోంది. చెట్లు కొట్టే ఒక కంపెనీలో కింద పని చేస్తున్నాను. కొమ్మలు లాగడం, వాటిని ముక్కలు చేసే చిప్పర్‌లో పెట్టడం, చివర్లో ఊడ్చడం. చెట్టెక్కడం బాగా వచ్చిన ఒక స్నేహితుడితో కలిసి సొంతంగా మొదలుపెడదామని ఉంది. పాత చిప్పర్ ఒకటి అమ్మకానికి కనిపించింది. 12 అంగుళాల డ్రమ్ మెషిన్ (బ్లేడ్లు బిగించిన డ్రమ్ తిరుగుతూ చెక్కను నరికే రకం), డీజిల్ ఇంజిన్, మీటర్ మీద 2,100 గంటలు. కొత్తగా పెయింట్ వేశారు, ఫోటోల్లో చాలా బాగుంది. రేపు ఇంకొకరు చూడటానికి వస్తున్నారట, ఇవాళే అడ్వాన్స్ పంపమంటున్నారు. ఎవర్ని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మెషిన్ నడపడం వచ్చు గానీ కొనడం తెలియదు. పెద్దవాళ్లెవరైనా చెప్పండి.

జవాబు

తమ్ముడూ, ముందు ఆ అడ్వాన్స్ పంపకు. అమ్మేవాడు నిజాయితీపరుడే కావచ్చు, అయినా కళ్లతో చూడని మెషిన్‌కి డబ్బు పంపకూడదు. రేపు ఎవరో కొనుక్కుపోతే పోనీ. పాత చిప్పర్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

నేను ఈ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. చూడటానికి వెళ్లినవాళ్లందరూ ఇంజిన్ దగ్గర మొదలుపెడతారు. నువ్వు మాత్రం మెషిన్ ఎలా ఆగుతుందో ముందు చూడు, ఎలా నడుస్తుందో తర్వాత చూద్దువుగాని. ఇంజిన్ పాడైతే డబ్బు ఖర్చవుతుంది, బాగుచేయించుకుంటాం. ఆగాల్సిన క్షణంలో ఆగకపోతే పోయేది మనిషి.

నా రెండో చిప్పర్ కోసం తిరుగుతున్నప్పుడు ఒకటి చూశాను. తళతళలాడుతోంది. కొమ్మలు పెట్టే నోటికి పైన వంపుగా ఒక కంట్రోల్ బార్ ఉంటుంది, కొమ్మలను లోపలికి లాగే రోలర్లను ఆపేది అదే. దాన్ని నెట్టాను, కదల్లేదు. కిందికి వంగి చూస్తే, దాని లింకును సన్నటి ఇనప తీగతో నాలుగు చుట్లు చుట్టి బిగించి ఉంది. ఆ తీగ మీద కూడా కొత్త పెయింటే. కొమ్మలు తగిలినప్పుడల్లా రోలర్లు ఆగిపోతున్నాయని కట్టేశారట. అంటే ఎన్ని నెలల పాటు ఎంతమంది ఆ నోటి ముందు ఆ బార్ లేకుండానే నిలబడ్డారో! అప్పటినుంచి కొత్త పెయింట్ చూస్తే నాకు అనుమానమే. పైన పటారం, లోన లొటారం అన్నది ఈ పాత మెషిన్లకు సరిగ్గా సరిపోతుంది.

అందుకని అక్కడికి వెళ్లాక, ఇంజిన్ నడుస్తుండగా పక్కన నిలబడి, బార్‌ను ముందుకు, ఆపు, వెనక్కి, మూడు స్థానాల్లోనూ పెట్టి చూడు. నెట్టిన వెంటనే రోలర్లు ఠక్కున ఆగాలి. కొన్ని మోడళ్లలో నోటి కింది అంచున కాలో తొడో తగిలితే ఆపేసే ఇంకో బార్ ఉంటుంది. కొన్నిట్లో లోపల వేలాడే తాళ్లుంటాయి, మనిషిని లాగేస్తుంటే ఆఖరి ఆసరాగా పట్టుకుని గుంజడానికి. మాన్యువల్‌లో ఉన్నవన్నీ మెషిన్ మీద ఉన్నాయా, పనిచేస్తున్నాయా అన్నది ఒక్కొక్కటీ చూడు. డ్రమ్ మూత తీయకుండా కాపాడే పిన్ను, స్విచ్చు ఉన్నాయో లేదో చూడు. ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకున్నా డ్రమ్ కొన్ని నిమిషాల పాటు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగిందని కళ్లతో చూశాకే మూత జోలికి వెళ్లాలి, చెయ్యి పెట్టాలంటే డ్రమ్‌కి లాక్ వేసి తీరాలి.

అసలు రోలర్లే లేని పాతకాలం డ్రమ్ మెషిన్లు కొన్ని ఇంకా అమ్ముతుంటారు. చక్ అండ్ డక్ అని పిలుస్తారు వాటిని. కొమ్మ అందిస్తే చాలు, డ్రమ్మే విసురుగా లాక్కుపోతుంది. మధ్యలో ఆపేందుకు ఏమీ ఉండదు. ఊరికే ఇచ్చినా ఇంటికి తెచ్చుకోకు.

ఇక ఇంజిన్. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పు. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందేమో అని అడగాల్సిందే. మొదట కాస్త తెల్లపొగ వచ్చి పోతే పరవాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగినట్టే. రేడియేటర్ రెక్కల మధ్య చెక్క దుమ్ము అట్టకట్టి ఉందా చూడు, చిప్పర్ ఇంజిన్లు ఎక్కువగా వేడెక్కి పాడయ్యేది దానివల్లే. సర్వీసు చేయించుకుంటూ వచ్చిన డీజిల్‌కి 2,100 గంటలంటే భయపడక్కర్లేదు. గంటల కన్నా ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో చూపించే రసీదులు నాకు ముఖ్యం.

డ్రమ్ బేరింగుల దగ్గర మాత్రం తొందరపడకు. ఇరవై నిమిషాలు పనిచేయించి, ఇంజిన్ ఆపి, డ్రమ్ పూర్తిగా నిలిచాక, రెండు వైపుల బేరింగులకూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపించు. ఇంజిన్ నుంచి డ్రమ్‌ను తిప్పే బెల్టు ఉన్న వైపుది కాస్త వేడిగా ఉండటం మామూలే. రెండింటికీ బాగా తేడా ఉంటే అరిగిపోతోందని అనుకో. తర్వాత డ్రమ్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పించి విను. గరగర వినిపించకూడదు, పైకీ కిందికీ ఊగకూడదు. ఇవి మార్పించాలంటే డ్రమ్ బయటికి తీయాలి, విడి భాగం కన్నా కూలి ఎక్కువవుతుంది.

పరీక్షకు నీ చెక్క నువ్వే తీసుకెళ్లు. వాళ్లు చూపించే ఎండు పుల్లలకు ఏ మెషినైనా పనిచేస్తుంది. ఆకుల రొట్ట ఒక మోపు, పంగలున్న కొమ్మలు కొన్ని, చేతికి బరువుగా తగిలే పచ్చి దుంగ ఒకటి. దుంగ వేసినప్పుడు ఇంజిన్ వేగం తగ్గాలి, రోలర్లు వాటంతటవే ఆగాలి, వేగం పుంజుకున్నాక మళ్లీ లాగాలి. అలా ఆగకుండా ఇంజిన్ ముక్కుతూ చచ్చిపోతే ఆ ఆటో ఫీడ్ పాడైందని, లేదా పీకేశారని. పంగను నొక్కి లోపలికి లాగలేకపోతే రోలర్లను నూనె ఒత్తిడితో నడిపే హైడ్రాలిక్ బలహీనంగా ఉన్నట్టు, లేదా రోలర్ పళ్లు అరిగినట్టు. బయటికి వచ్చిన ముక్కలు గుప్పిట్లోకి తీసుకో. అంచులు కోసినట్టు ఉంటే బ్లేడ్లు బాగున్నట్టే. పీచుపీచుగా, పొడిపొడిగా ఉంటే మొద్దుబారాయి, లేదా బ్లేడుకీ ఎదురుగా కదలకుండా ఉండే ఇనప పట్టీ, అంటే ఆన్విల్‌కీ మధ్య సందు పెరిగింది. బ్లేడ్లకు సానపట్టించవచ్చు, అదేం పెద్ద విషయం కాదు. కానీ వెడల్పు మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు కన్నా తగ్గిపోతే పారేయాల్సిందే. ఆన్విల్ నాలుగు అంచులూ వాడేసి ఉన్నారేమో కూడా అడుగు.

డ్రమ్ కింద రేకును చిన్న సుత్తితో తడుతూ పోతే మందంగా ఉన్నచోట ఒక శబ్దం, పలచబడ్డచోట ఇంకో శబ్దం. అతుకులు వేసి పెయింట్ కొట్టినవి అలా బయటపడతాయి. హైడ్రాలిక్ గొట్టాల లీకును వేళ్లతో వెతకకు. కంటికి కనపడని చిల్లులోంచి వచ్చే నూనె ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంతే ఉంటుంది గానీ వెంటనే సర్జన్ చూడకపోతే వేలే పోవచ్చు. అట్టముక్క పట్టుకుని చూడు.

12 అంగుళాలు అని రాసి ఉంటే రోజంతా 12 అంగుళాల దుంగలు వేయమని కాదు, అది దాని చివరి హద్దు. మన పనిలో ఎక్కువ భాగం రొట్టే. నోరు ఎంత వెడల్పు, రోలర్లు ఎంత బలంగా నొక్కుతాయి అన్నదే నీ సాయంత్రం ఎప్పుడు ముగుస్తుందో తేలుస్తుంది. ఇద్దరు మనుషుల కంపెనీకి ఆ సైజు సరిపోతుంది.

ఇంకో జవాబు

అన్నయ్యగారు మెషిన్ సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను. మా ఇంట్లో ఈ వ్యాపారం లెక్కలు నేనే చూస్తాను.

ఇలాంటి మెషిన్లు దొంగతనం కావడం మామూలే. ఫ్రేమ్ మీద సీరియల్ నంబరు ప్లేటు చూడండి. రివెట్లు మార్చినట్టు ఉన్నా, నంబరు గీకినట్టు ఉన్నా అక్కడే ఆగిపోండి. ఆ నంబరుతో తయారీ కంపెనీ డీలర్‌కి ఫోన్ చేస్తే ఏ సంవత్సరానిదో, విడి భాగాలు ఇంకా దొరుకుతున్నాయో చెప్తారు. అమ్మేవాళ్ల పేరు, కాగితంలో పేరు, గుర్తింపు కార్డులో పేరు మూడూ ఒకటే కావాలి. మెషిన్ మీద అప్పు ఉంటే అది తీరినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. లేకపోతే అప్పిచ్చినవాళ్లు వచ్చి మీ దగ్గర్నుంచి పట్టుకుపోతారు.

లాగే బండి సంగతి చాలామంది మర్చిపోతారు. ట్రక్కు నిండా పచ్చి చెక్క ముక్కలు, వెనక చిప్పర్, లోపల మనుషులు. ఈ మొత్తం బరువు మీ ట్రక్కు లాగగలదా, మీ లైసెన్సు సరిపోతుందా ముందే చూసుకోండి. ట్రైలర్ టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనవి. పట్టు నిండుగా కనిపించినా రబ్బరు పగుళ్లిచ్చి ఉంటే మార్చాల్సిందే. బ్రేకులు, లైట్లు, కొక్కెం ఊడితే బ్రేకు పట్టే తీగ కూడా చూడండి.

ఇన్సూరెన్స్ లేకుండా మొదటి చెట్టు ముట్టుకోవద్దు. ఒక్క మాట అడగనా? కొనేముందు రెండు మూడు నెలలు అద్దెకు తీసుకుని చేయకూడదూ? మేం అలాగే చేశాం. ఎలాంటి మెషిన్ కావాలో మాకప్పుడే తెలిసింది.

అడిగిన తమ్ముడు మళ్లీ

అన్నా, అక్కా, మీ ఇద్దరికీ చేతులెత్తి దండం. ఇవాళ వెళ్లొచ్చాను. స్టార్ట్ చేయొద్దని చెప్పినా ఇంజిన్ వెచ్చగా ఉంది. కంట్రోల్ బార్ బాగానే పనిచేస్తోంది. దుంగ వేస్తే ఆటో ఫీడ్ ఆగి మళ్లీ లాగింది. కానీ బెల్టు లేని వైపు బేరింగు రెండోదానికన్నా చాలా వేడిగా ఉంది. గ్రీజు పెడితే సరిపోతుందన్నారు. నా ఎదురుగానే గ్రీజు కొట్టారు, బయటికి వచ్చిన పాత గ్రీజు నల్లగా, వేళ్ల మధ్య ఇసకలా గీసుకుంది. ధర తగ్గిస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు

తమ్ముడూ, బెల్టు లేని వైపుదే వేడెక్కిందంటే, గ్రీజులో ఇసక తగిలిందంటే ఆ బేరింగు అయిపోయింది. గ్రీజుతో బాగుపడదు. సీరియల్ నంబరు చెప్పి రెండు బేరింగులూ మార్చడానికి ఎంతవుతుందో మెకానిక్‌తో కాగితం మీద రాయించుకో. ఆ మొత్తమంతా ధరలోంచి తీసేసి, ఉదయం చల్లటి ఇంజిన్‌తో మళ్లీ స్టార్ట్ చేసి చూపిస్తేనే మాట్లాడు. దేనికి ఒప్పుకోకపోయినా నవ్వుతూ వచ్చేయ్.

అక్క చెప్పినట్టు అప్పటిదాకా అద్దెకు తెచ్చుకో. మొదటిరోజు పని మొదలుపెట్టేముందు నీ స్నేహితుడిని కూడా నోటి పక్కన నిలబెట్టి, కళ్లు మూసుకుని బార్ అందుకోమను, చెయ్యి దానంతటదే వెళ్లేదాకా. కొమ్మ మొదలు వైపు ముందు పెట్టి, వదిలేసి, పక్కకి జరగాలి. పొట్టి ముక్కలను చేత్తో తోయకుండా పొడవాటి కొమ్మతో తోయాలి, కాలితో ఎప్పుడూ తోయకూడదు. వదులు గ్లవ్స్, వేలాడే బట్టలు వద్దు.

ముఖ్యంగా చెట్టెక్కే తాడు. ఒకసారి మా మనిషి దిగి, తాడు విప్పుకుని, నీళ్లు తాగుతున్నాడు. తాడు కొస ఒక కొమ్మలో చిక్కుకుని ఉన్నట్టు నేను చూసుకోలేదు, కొమ్మ లోపల పెట్టాను. పచ్చగడ్డి మీద పాములా సర్రున పరుగెత్తి, కేక వేసేలోగా మొత్తం తాడు లోపలికి పోయింది. అతను విప్పుకుని అర నిమిషం కూడా కాలేదు. ఆ రోజునుంచి తాడు సంచిలోకి చేరాకే మా చిప్పర్‌లో కొమ్మ పడుతుంది. మీ ఇద్దరూ కూడా అలాగే చేయండి. బేరింగు సంగతి ఏమైందో తప్పకుండా రాయి.