కొత్త చెక్క బోర్డు పాతదానిలా కనిపించాలంటే ఏం చేయాలి?

సోడాబుడ్డి: షార్ట్ ఫిల్మ్ కోసం 1970ల నాటి పల్లెటూరి సోడా కొట్టు బోర్డు కావాలి. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కతో చేయించాం కానీ తెల్లగా, నిన్ననే కోసినట్టుంది. బ్రౌన్ పాలిష్ కొట్టేస్తే చాలంటున్నారు మావాళ్లు, నాకేమో ఫర్నిచర్ షాపు బోర్డులా తేలుతుందేమోనని టెన్షన్. వచ్చే వారమే షూటింగ్.

ఉలి_సుత్తి: పాలిష్ జోలికి పోకండి. ఎండావానల్లో ఏళ్ల తరబడి ఉన్న చెక్క బూడిదరంగుకు తిరుగుతుంది. ముందు ఇనుప తీగల బ్రష్‌తో చెక్క గీతల వెంబడే గట్టిగా రుద్దండి, మెత్తటి భాగం లేచిపోయి గట్టి గీతలు చేతికి తగులుతాయి. ఈలోగా తెల్ల వెనిగర్‌లో తుప్పు మేకులు వేసి రెండు మూడు రోజులు నాననివ్వండి. మూత బిగించొద్దు, గ్యాస్ వస్తుంది. గిన్నెలు తోమే స్టీల్ పీచు పనికిరాదు, ఎక్కువగా స్టెయిన్‌లెస్ కాబట్టి సరిగా కరగదు. ఈ ఇనుప నీళ్లు చెక్కలోని టానిన్‌తో, అంటే వగరు పదార్థంతో, కలిస్తేనే నలుపెక్కుతుంది, పైన్‌లో అది తక్కువ, అందుకే ముందు చిక్కటి టీ డికాషన్ పూసి ఆరనిచ్చి, ఆపైన ఈ నీళ్లు పూయాలి.

కరక్కాయ: డికాషన్ కన్నా కరక్కాయ పొడి నీళ్లు బాగా పట్టుకుంటాయి. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత వచ్చేది ఇలాగే కదా, బట్టకు కరక్కాయ పట్టించి, ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తారు. కాకపోతే ఎక్కువైతే బొగ్గులా అయిపోతుంది, పలచగా కలిపి ముందు బోర్డు వెనకవైపు పూసి చూడండి.

సోడాబుడ్డి: కరక్కాయ ఇంట్లోనే ఉంది, థాంక్సండీ! మరి అక్షరాలో?

ఉలి_సుత్తి: చెక్క రంగు తిరిగి బాగా ఆరాకే. పెయింట్ ఎక్కడ ఊడాలో అక్కడ ముందుగా కొవ్వొత్తి రుద్ది, పైన కుంచెతో రాయించండి, ఆరాక గీకితే మైనం ఉన్నచోట పెచ్చులుగా లేస్తుంది. అన్నిచోట్లా సమానంగా గీకారో, దొరికిపోతారు. వాన తగిలేది, నీళ్లు నిలిచేది కింది అంచున, చేతులు తగిలేది మూలల్లో, చూరు నీడలో ఉండే పైభాగంలో రంగు కాస్త మిగలాలి. కంప్యూటర్ ఫాంట్ వద్దే వద్దు.

పాతసామాను: స్టార్ స్క్రూలు కనపడనివ్వకండి, మామూలు మేకులు కొట్టి వాటి కింద ఆ ఇనుప నీళ్లే చుక్క చుక్కగా జారవిడవండి, తుప్పు కారినట్టు చారలు పడతాయి.